సార్ తెర మీద పన్నెండు జతల కళ్లు

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు కూర్చుంటే నాకు తెలివి కన్నా భక్తి ఎక్కువగా ఉండేది. కరీంనగర్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో తాత్కాలిక ఉద్యోగం. మా బాపు మరమగ్గాల మీద నేసేవాడు. ఇంటికి నెలనెలా జీతం తెచ్చేది నేనొక్కదాన్నే కాబట్టి, ఆ ఉద్యోగం పోతుందంటే నాకు అన్నం సహించేది కాదు. మా ల్యాబ్ పెద్దను పిల్లలు 'సైలెన్స్ సార్' అనేవారు (ఆయన నోట్లోంచి ఎక్కువగా వచ్చేది ఆ మాటే). తనిఖీ బృందం వస్తుందని తెలియగానే ఆయన నన్ను పిలిచి, "చూడు బిడ్డా, గా మూలకున్న లినక్స్ మిషన్‌ల నడిచే ప్రోగ్రాం మన విండోస్ కంప్యూటర్ తెర మీద కనవడాలె. చూపెడ్తమని కాయితం మీద రాసిచ్చిన. కనవడకపోతే నీ నౌకరి నిలవెట్టుడు నాతోని కాదు" అన్నారు.

హైదరాబాద్ నుంచి వచ్చి ఆ ఏర్పాటు చేసిపోయిన ఇంజనీర్, ఏం కొట్టాలో నాలుగు వరుసలు ఒక చీటీ మీద రాసిచ్చాడు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పూజ చేసి బొట్టు పెట్టిన లినక్స్ మిషన్ పక్కనే భద్రంగా దాచుకున్నాను. అందులో అక్షరం కాదు కదా, చుక్క మార్చే ధైర్యం కూడా నాకు లేదు. బొమ్మ ఏ కంప్యూటర్‌కు పోవాలో చెప్పే నంబరు ఒకటి అందులో ఉందనీ, ఎక్కడ కూర్చుంటే అక్కడి నంబరు వేసుకోవాలనీ నాకేం తెలుసు!

తనిఖీ రోజు వాళ్లు సార్ గదిలో చాయ్ తాగుతుండగా, ముందే ఒకసారి చూసుకుందామని ల్యాబ్‌లో ఒక విండోస్ కంప్యూటర్ ముందు కూర్చొని చీటీలో ఉన్నది ఉన్నట్టు కొట్టాను. మౌస్ ఎటు పోతే అటు చూసే రెండు కళ్ల బొమ్మ రావాలి (పరీక్ష కోసం పెట్టిన ప్రోగ్రాం అది). రాలేదు. మళ్లీ కొట్టాను. రాలేదు. దండం పెట్టుకొని కొట్టాను. బాసర అమ్మవారికి మొక్కుకొని కొట్టాను. పన్నెండోసారికి నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తెర మీద మాత్రం ఒక్క కన్నూ లేదు.

అప్పుడే, చాయ్ ముగించి తెర వైపు తిరిగారేమో, గదిలోంచి సార్ "ప్రభువా!" అని కేక. పరుగున పోయి తలుపు దగ్గర నిలబడ్డాను. ఇంజనీర్ చీటీలో రాసింది సార్ కంప్యూటర్ నంబరని తర్వాత తెలిసింది. నా పన్నెండు జతల కళ్లూ ఆయన తెర నిండా పరుచుకొని ఉన్నాయి. తనిఖీకి వచ్చిన పెద్దాయన మౌస్ ఇటు జరిపితే ఇరవై నాలుగూ ఇటు, అటు జరిపితే అటు. ఆయన చాలాసేపు అలా ఆడుకొని, "ఇవి ఎక్కడ నడుస్తున్నాయండీ?" అని అడిగారు. సార్ నా మొహం చూసి, "ల్యాబ్‌ల సార్. మా పిల్ల అక్కడ నడిపిస్తుంది, మీకు ఇక్కడ కనవడుతుంది" అన్నారు. అందులో అబద్ధం కూడా ఏమీ లేదు.

వాళ్లు సంతోషంగా సంతకాలు పెట్టి వెళ్లాక నేను ఉండబట్టలేక, "సార్, నా తెర మీదికే రమ్మన్న. మీ దగ్గరికి ఎట్ల వచ్చినయో నాకు తెల్వది" అని ఏడ్చేశాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "గా మాట వాళ్ల ముంగట అనలే గద, ఇంక ఎవలతోని అనకు. రేపు జర జల్ది వచ్చి నాకు గూడ నేర్పు. వారం సంది కొడుతున్న, ఒక్క కన్ను గూడ రాలే. చీటీ నీ దగ్గరనే పెట్టుకుంటివి, అడుగుదామంటె సిగ్గయింది."

ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు నేను నంబరు ఒకటికి రెండుసార్లు చూసుకొని, ఎంటర్ ఒక్కసారే కొడతాను. రాకపోతే కారణం వెతుకుతాను. అప్పటి ఆ పిల్ల మాత్రం పన్నెండోసారి కూడా వస్తుందని నమ్మి కొట్టింది పాపం.