పాత ప్యాడ్లు నావేనన్నాను

2023 వేసవి. తాడేపల్లిగూడెంలో పెంటపాడు వెళ్ళే రోడ్డు పక్కన నా షెడ్డు. రేకుల కింద రెండు బళ్ళు పడతాయి, మూడోది వస్తే ఎండలో నిలబడాల్సిందే. నేను చేసేది బ్రేకుల పని ఒక్కటే. ఇంజను పని తెలియక కాదు, బ్రేకులైతే బేరం త్వరగా తెగుతుంది. ఆగని బండి వేసుకుని ఇంకో షెడ్డుకి పోతానని ఎవరూ బెదిరించలేరు కదా.

బేరం మా ఇంటి చదువు. తాతది ఉల్లిపాయల కొట్టు, నాన్నది ఇనుప సామాను కొట్టు, మేనమామది బట్టల కొట్టు. పెళ్ళిచూపుల్లో మా నాన్న కాఫీ కప్పు తిరగేసి ఎక్కడ కొన్నారు, ఎంత పడిందని అడిగాడని మా ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఆ తెలివి నాకు చాలాసార్లు అన్నం పెట్టింది. ఒకసారి మాత్రం ఇంకొకరి కంచం దాకా వెళ్ళింది.

ఆ మే నెలలో ఒక చేపల పికప్ బండి వచ్చింది. ఉండి దగ్గర చెరువులున్న సూర్యనారాయణ గారిది. నడిపేది ఏసుపాదం అనే యాభై దాటిన మనిషి. తొమ్మిదేళ్ళుగా ఆయన దగ్గరే చేస్తున్నాడు. చెరువు గట్టు మీద చేపలూ ఐసూ ఎక్కించుకుని ఒకరోజు ఏలూరు, ఒకరోజు జంగారెడ్డిగూడెం ట్రిప్పు వేస్తుంటాడు. చేపల బండి అన్నారు కాబట్టి నమ్మాను గానీ, దగ్గరికి వెళ్తే వాసన లేదు. కొత్త పెళ్ళికొడుకులా తళతళలాడుతోంది.

తెలియనివారి కోసం రెండు మాటలు. ముందు చక్రం వెనక ఇనుప పళ్ళెం లాంటిది ఉంటుంది. దాన్ని మేము డిస్క్ అంటాం, రోటర్ అని కూడా అంటారు. దానికి లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి బ్రేక్ ప్యాడ్లు. పెడల్ తొక్కితే క్యాలిపర్ అనే పిడికిలి ఆ రెండింటినీ డిస్క్‌కి అదిమి పట్టుకుంటుంది, వదిలితే వదిలేస్తుంది. వదలడం కూడా బ్రేకు పనేనని చాలామందికి తోచదు. ఆ రోజు నాకూ తోచలేదు.

డిస్కుల అంచున గట్టు లేచింది. మధ్యలో గోటికి తగిలేటంత గాట్లు. వెర్నియర్‌తో కొలిస్తే ఉండాల్సిన మందం లేదు. రెండు డిస్కులూ, నాలుగు ప్యాడ్లూ మార్చాలన్నాను. సూర్యనారాయణ గారు నాకు తగ్గ మనిషే. ఇద్దరం చాలాసేపు ఒకరినొకరు పొగుడుకుంటూ పోట్లాడుకున్నాం. చివరికి ఆయన అడిగిన చోటికి నేను దిగి, పాత ఇనుము మాత్రం నాదేనన్నాను. ఆయన సరేనన్నారు. ఆ గెలుపు సంబరంలో గబగబా పని ముగించి, పాత ప్యాడ్లు నాలుగూ కొత్తవి వచ్చిన ఖాళీ అట్టడబ్బాలో కుక్కి, పైన బండి నంబరు రాసి తుక్కు డ్రమ్ములో పడేశాను. ఏ సరుకు ఎక్కడిదో రాసిపెట్టకపోతే మా నాన్నకి నిద్రపట్టేది కాదు. నంబరు రాసే ఆ అలవాటు ఆయనదే. లోపల ఏముందో చూడకపోవడం మాత్రం నా సొంతం.

బయల్దేరబోతూ సూర్యనారాయణ గారు, ప్యాడ్లు పోయిన ఏడే మార్పించాం, ఇంత తొందరగా ఎందుకు అరిగాయని అడిగారు. అవతల ఇంకో బండి ఎండలో ఉంది.

"కాలు బ్రేకు మీదే పెట్టి నడిపితే ఇలాగే అవుతుందండీ" అన్నాను.

ఏసుపాదం పక్కనే చక్రం నట్లు సరిచూసుకుంటున్నాడు.

జూలైలో, వానలు మొదలయ్యాక, ఏసుపాదం ఒక్కడే వచ్చాడు. బ్రేకు వేస్తే స్టీరింగు వణుకుతోందట, ఎడమవైపు మాడిన వాసన వస్తోందట. అవన్నీ చెప్పాక అసలు సంగతి చెప్పాడు. సోమవారం తాళం ఇచ్చేయమన్నారట అయ్యగారు. వేరే డ్రైవరుని మాట్లాడుకున్నారట. ఈ వయసులో బ్రేకులు తినేసే డ్రైవరని పేరొస్తే ఇంకెవరు బండి ఇస్తారండీ అన్నాడు, వాతావరణం గురించి మాట్లాడుతున్నట్టు.

నా నోట్లోంచి ముందుగా వచ్చింది గ్యారంటీ సంగతి. బిగింపులో తప్పుంటే నాది, వాడకంలో తప్పుంటే నాది కాదని ఏదేదో చెప్పుకొచ్చాను. అతను పూర్తిగా విన్నాడు.

"ఏవండీ, ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ రోజు మీరు బండిని చూసి చెప్పారా, నన్ను చూసి చెప్పారా?"

జాకీ తీసుకొచ్చాను.

ఎడమ చక్రాన్ని పైకి లేపి చేత్తో తిప్పితే అర చుట్టు తిరిగి ఆగిపోయింది. పెడల్ మీద ఎవరి కాలూ లేదు. కాలున్నాయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. చక్రం ఊడదీశాను. క్యాలిపర్ రెండు స్లైడ్ పిన్నుల మీద అటూ ఇటూ జరుగుతుంది. అవి జరిగితేనే పట్టు వదులుతుంది. పై పిన్ను బిగుసుకుపోయి ఉంది. సుత్తి దెబ్బలకి బయటికొచ్చిన పిన్ను నిండా తుప్పు ముద్ద. దాని రబ్బరు తొడుగు చిరిగి ఉంది, ఆ చిరుగులో ఒక చేప పొలుసు. మే నెలలో డిస్క్ కోసం క్యాలిపర్‌ని దాని బ్రాకెట్‌తో సహా ఊడదీసి, ప్యాడ్ల కోసం కింది బోల్టు ఒక్కటే విప్పి పైకెత్తి మార్చేశాను. పై పిన్ను తీసి చూడనేలేదు. అది ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలూ పాత ఇనుము బేరానికి పోయాయి.

అప్పుడు డ్రమ్ము గుర్తొచ్చింది. తుక్కు ధర పెరుగుతుందని నేను ఇంకా అమ్మలేదు. ఇద్దరం కలిసి ఒరగదీసి వెతికితే, నంబరుతో సహా డబ్బా దొరికింది. నాలుగు ప్యాడ్లూ బల్ల మీద పేర్చాను. మూడింటిలో సగానికి పైగా సరుకుంది. నాలుగోది, ఆకారాన్ని బట్టి ఎడమ చక్రం లోపలిది, పూర్తిగా అరిగి ఇనుప రేకు తేలింది.

బండి ఎలా కడుగుతావని అడిగాను. మార్కెట్లో లోడు దించగానే, ట్రేలలో మిగిలిన ఐసు నీళ్ళు చక్రాల మీద కొట్టి తోముతాడట. నీళ్ళు పోయే కాలవ ఎడమవైపు కాబట్టి ముందు ఆ చక్రం. అంత దూరం వేడెక్కి వచ్చిన డిస్క్ మీద ఐసు నీళ్ళు పడితే అది వంకరపోతుంది, ఆ నీళ్ళు తొడుగులో దూరితే పిన్ను తుప్పుపట్టి బిగుసుకుంటుంది. అంత తొందరేమిటన్నాను.

"ఆదివారం చర్చికి మా పేటలో ముసలాళ్ళని ఇందులోనే ఎక్కించుకెళ్తానండీ. అయ్యగారే వాడుకోమన్నారు. చేపల బండెక్కి వచ్చారని వాళ్ళని ఎవరూ అనకూడదు కదండీ. ఆరితే వాసన పట్టేస్తుంది."

సూర్యనారాయణ గారికి ఫోను చేసి రమ్మన్నాను. మధ్యాహ్నానికి వచ్చారు. సంగతి చెబితే, "అప్పుడు మీరే కదండీ అన్నారు" అన్నారు.

"అన్నానండీ. చూడకుండా అన్నాను." ఎప్పుడూ ఇంత తక్కువ ధరకి నన్ను నేను అమ్ముకోలేదు. "కాలు రెండు చక్రాల్నీ ఒకేలా నొక్కుతుంది. ఒక్క ప్యాడే అరిగిందంటే అది కాలు కాదు, పిన్ను."

ఆయన ప్యాడ్లు ఒక్కొక్కటే తీసి బొటనవేలితో రుద్ది చూశారు. చక్రం తిప్పి చూశారు. నేను పిన్నులు శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, కొత్త తొడుగులు వేసి బిగించాక మళ్ళీ తిప్పారు. ఈసారి అది గాలికి తిరిగినట్టు తిరుగుతూనే ఉంది.

"చెప్పొచ్చు కదయ్యా" అన్నారు ఏసుపాదంతో.

"ఏం చెప్పనండీ. ఆయన మెకానిక్కు, నేను డ్రైవర్ని."

డిస్కులు కొత్తవే కాబట్టి లేత్ మీద సన్నగా చెక్కిస్తే సరిపోయింది. ప్యాడ్లు మళ్ళీ వేశాను. ఖర్చు నాదేనన్నాను. సూర్యనారాయణ గారు వద్దనలేదు. తాళం నా బల్ల మీద ఉంది. ఆయన దాన్ని తీసి కాసేపు చేతిలో ఆడించి, ఏసుపాదానికి ఇచ్చారు. "సోమవారం జంగారెడ్డిగూడెం లోడుంది. పెందలాడే రా."

ఆయన వెళ్ళాక ఏసుపాదం బల్ల దగ్గరికి వచ్చాడు. పాత ప్యాడ్లు తనకిచ్చేయమన్నాడు, రేపు ఎవరైనా కాలు సంగతి ఎత్తితే చూపిస్తాడట. అవి నావే కదా అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. మా తాత, నాన్న, మేనమామ ముగ్గురూ కలిసి తోసుకొచ్చారు దాన్ని. మింగేసి, నాలుగూ డబ్బాలో సర్ది ఇచ్చాను. సీటు కింద పెట్టుకున్నాడు.

ఆనాటి నుంచి ఏ బండి వచ్చినా పాత ప్యాడ్లు ఏ చక్రానివి ఆ వరసలో బల్ల మీద పెట్టి, డ్రైవరుని పక్కకి పిలిచి, ఇద్దరం చూశాకే నోరు విప్పుతున్నాను. పని కాస్త ఆలస్యమవుతుంది. ఎండలో ఉన్న బండి ఎండలోనే ఉంటుంది.

మొన్న ఏసుపాదం గ్రీజుకి వచ్చాడు. చక్రాలు చల్లారే దాకా మార్కెట్లో టీ తాగుతూ కూర్చుంటున్నాడట. నా పుణ్యమా అని కడుపులో మంట పట్టుకుందని నవ్వాడు. బండి ఎప్పటిలాగే తళతళలాడుతోంది. సీటు ఎత్తితే అట్టడబ్బా అక్కడే ఉంది, దాని మీద నా చేతిరాతా ఉంది. ఇంకా ఎందుకని నేను అడగలేదు.