మారక్క బూడిద గిన్నె

మా ధర్మవరం వీధిలో పడుగు, అంటే మగ్గం నిలువు పోగులు, అతకాలంటే మారక్కే రావాలి. మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, కొత్త పడుగులోని ప్రతి పోగునూ పాతదాని కొసకు మెలిపెట్టి కలపాలి. నాలుగువేల పైచిలుకు పోగులు. వేళ్లు జారకుండా బూడిద అద్దుకుంటూ, మెడ వంచి రెండు రోజులు కూర్చునే పని. మారక్క ఇత్తడి గిన్నెలో బూడిద తెచ్చుకుని వచ్చేది, పని ముగించి తలవంచుకుని పోయేది. పక్కింట్లో ఉండి నేను కూడా ఉప్పుకో పప్పుకో తప్ప ఆమెను పలకరించింది లేదు. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

అసలు సంగతేమంటే, మారక్కకు బూడిదతో పనే లేదు. ఆమె అరచెయ్యి ఆనిస్తే తెగిన పోగులు వాటంతటవే కలిసిపోతాయి. నాలుగువేలైనా రెప్పపాటే. ఆ విద్య వాళ్లమ్మ నుంచి వచ్చింది. దానివల్లే వాళ్లమ్మను మఠం వాళ్లు రొళ్ల నుంచి తరిమారు. తర్వాత హిందూపురం నుంచి, ఆ తర్వాత పెనుకొండ నుంచి.

ఈ మఠం గురించి చెప్పాలంటేనే నాకు ఒళ్లు మండుతుంది. మా వీధిలో పెండ్లి కావాలన్నా పీనుగ లేవాలన్నా వాళ్ల మాటే. చెమట పట్టి చేసిందే పని, పట్టకుండా జరిగేది పాపం అంటారు. చెమటే పట్టని మఠం పెద్దలకు మాత్రం ఏ పాపమూ అంటదు లెండి. ప్రతి అమావాస్యకూ అందరం వాళ్ల బెత్తం పట్టుకుని "మా ఇంట్లో మాయ లేదు" అని ప్రమాణం చేయాలి. మారక్క పన్నెండేళ్లు ఆ బెత్తం పట్టుకుని అబద్ధమాడింది.

గిరి ఆమె ఎదురింటి నేతగాడు. నలభై దాటినా పెండ్లి లేదు, నోట్లో మాట లేదు. తన పడుగు అతికే రెండు రోజులూ పూటకు రెండుసార్లు టీ తెచ్చి ఆమె పక్కన పెట్టి, తానొక గ్లాసు పట్టుకుని నేసేవాళ్లు కాళ్లు పెట్టే మగ్గం గుంట అంచున కూర్చునేవాడు. అంతే. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోకపోవడం చూసి నాకే విసుగొచ్చేది.

మొన్న శ్రావణంలో మఠం ఉత్సవానికి పట్టుబట్ట నేసే వంతు గిరికి పడింది. ఉత్సవం ముందురోజు సాయంత్రానికి ఇవ్వకపోతే మగ్గం గుంట పూడ్పిస్తామని మఠం పెద్ద సంజీవప్ప ముందే చెప్పి పోయాడు. జానెడు నేత మిగిలుందనగా, ఆ రోజు తెల్లారి చూస్తే ఎలుక పడుగును సగానికి సగం కొరికేసింది. ఒక్కరోజు గడువు ఇమ్మని అడగడానికి గిరి మఠానికి పరుగెత్తాడు. ఆ సంగతి విన్న మారక్క, చేతిలో పనీ బూడిద గిన్నే అక్కడే వదిలేసి ఆ ఖాళీ ఇంట్లోకి పోయి పడుగు మీద చెయ్యి ఆనించింది.

గడువు దొరక్క గిరి తిరిగి వచ్చేసరికి పడుగు నిండుగా ఉంది, మారక్క మగ్గం పక్కనే ఉంది. వేళ్లతో తడిమాడు. ముడి లేదు, మెలి లేదు.

"మారక్కా, ఈడ బూడిద యాడుండాది?"

ఆమె ఖాళీ చేతులు కొంగులో దాచుకుంది. గిరికి అర్థమైంది. మళ్లీ అడిగాడు.

"ఒక్క నిమిషంలో అయ్యే పనికి ఇన్నేండ్లూ రెండు దినాలు ఎందుకు కూర్చుంటాంటివి?"

"తొందరగా అయిపోతే ఇంటికి పోవల్ల కదప్పా. ఆడ నాకెవురుండారు?"

"పోదాం పా, యాడికన్నా."

"మా యమ్మ మూడూర్లు మారింది. యాడికి పోయినా మఠం జెండా ముందే ఉండాది. నువ్వు నేత చూసుకో."

ఆమె పోయాక గిరి జానెడూ నేశాడు. తర్వాత చేత్తో అతికినట్టు కనబడాలని పొయ్యిలోంచి బూడిద తెచ్చి, మగ్గం మీద మిగిలిన ప్రతి పోగుకూ తన వేళ్లతో రుద్దాడు.

సాయంత్రం సంజీవప్ప వచ్చి బట్ట తీసుకున్నాడు. పోగులు కూడా తడిమి చూశాడు.

"ఎలుక కొట్టిందని పొద్దున మా కాడ ఏడిస్తివే. ఇంతలోకే ఎవురు అతికిరప్పా?"

"నేనే."

"బెత్తం పట్టుకుని చెప్పు."

గిరి పట్టుకుని చెప్పాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. పుట్టి బుద్ధెరిగాక ఆడిన ఒక్క అబద్ధం, పాపం, బాగానే అతికింది.

"అంత చేతనైనోడివి, ఇంక నీ పడుగు నువ్వే అతుక్కో. ఆ మారక్క నీ గడప తొక్కితే నీ మాట అబద్ధమనుకుని ఇద్దర్నీ ఊరు దాటిస్తాం" అని సంజీవప్ప వెళ్లిపోయాడు.

ఇదంతా, తన గడపలోంచి చూసిందీ విన్నదీ కలిపి, మారక్క ఒకరోజు మా వసారాలో కూర్చుని నాకు చెప్పింది. పన్నెండేళ్లలో ఆమె నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. నేను ఏడ్చాను, ఆమె ఏడవలేదు.

ఇప్పుడు గిరి పడుగు గిరే అతుక్కుంటాడు. చెయ్యి తిరగని పని, ఐదు రోజులు పడుతుంది. ఆ ఐదు రోజులూ మారక్క ఎవరి పనికీ పోదు. బూడిద గిన్నె ఒళ్లో పెట్టుకుని తన గడపలో ఎదురిల్లు చూస్తూ కూర్చుంటుంది. గిరి పూటకు రెండుసార్లు టీ కాచి, రెండు గ్లాసుల్లో పోస్తాడు. ఒకటి తాను తాగుతాడు. రెండోది గుంట అంచున అట్లాగే చల్లారిపోతుంది.