లెక్కలోంచి తీసేసిన కాలనీ

చదువయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలు అడగడం. బీపీ, షుగర్ ఉన్న ఆడవాళ్ళు రోజూ అరగంట నడవాలని ఒక సంస్థ విశాఖలోని కాలనీల్లో ఏడాదిగా మీటింగులు పెట్టి చెబుతోంది. ఆ మాటలు ఏమాత్రం పనిచేశాయో తేల్చడానికే మా సర్వే. మా ఊరు సబ్బవరం నుంచి రెండు బస్సులు మారి నేను వెళ్ళే కాలనీ, బొగ్గు లారీలు తిరిగే రోడ్డును ఆనుకుని ఉండేది.

మొదటి రోజు ఆ మీటింగులు పెట్టే కార్యకర్తనే నాకు తోడిచ్చారు. ఆవిడ గుమ్మంలో నిలబడితే ఎవరు మాత్రం కాదంటారు? ప్రతి ఇంట్లోనూ "నడుత్తన్నామమ్మా" అన్నారు. నేను టిక్కులు పెట్టుకుంటూ పోయాను.

మర్నాడు ఒంటరిగా వెళ్తుంటే, రొయ్యలు వలిచే షెడ్డులో పనిచేసే ఒక పెద్దావిడ నన్ను పిలిచి కూర్చోబెట్టింది.

"నిన్న అబద్ధం సెప్పాను పాపా. ఆవిడ మంచిది, బాదపడతాదని అలాగన్నాను. ఎక్కడ నడవమంటారు సెప్పు? పొద్దల్లా షెడ్డులో నిలబడే ఉంటాను. సాయంత్రం రోడ్డెక్కితే లారీలు. ఆ దుమ్ముకి దగ్గొచ్చి ఊపిరాడదు. మా పక్కింటావిడ నడకకే ఎల్లింది, లారీ గుద్దేసింది. కాలిరిగి మంచాన పడుంది."

నడవకపోవడానికి మా కాగితంలో ఉన్న కారణాలు: తీరిక లేదు, బద్ధకం, అవగాహన లేదు, ఇంట్లో ఒప్పుకోరు. ఏ ఒక్కటీ ఆవిడది కాదు. చివర "ఇతరములు" అని వేలెడు గీత ఉంది. అది చాలక వెనకవైపు రాశాను. నిన్న వెళ్ళిన ఇళ్ళన్నిటికీ ఒంటరిగా మళ్ళీ వెళ్ళాను. చాలామంది మాట మారింది. వాళ్ళందరూ రోడ్డు గురించే చెప్పారు.

మా సూపర్‌వైజర్ ఆ కాగితాలు తిరగేసి విసుక్కున్నాడు. "వెనకాల రాసినవి కంప్యూటర్లో ఎలా ఎక్కిస్తామమ్మా? అవగాహన లేదని టిక్కు కొట్టెయ్."

"వాళ్ళకు అవగాహన ఉంది సార్. నడవడానికి చోటే లేదు."

"రోడ్డు మన సబ్జెక్టు కాదు."

నేను దిద్దనన్నాను. నివేదిక వచ్చాక చూస్తే నా కాలనీ మొత్తం ఎగిరిపోయింది. జవాబులు నిలకడగా లేవట, నమ్మడానికి వీల్లేదట. మాలో మిగతావాళ్ళు కార్యకర్తను గుమ్మంలో నిలబెట్టుకుని అవుననిపించుకొచ్చిన కాలనీలన్నీ మాత్రం నమ్మదగ్గవే. ఒళ్ళు మండిపోయింది. ఆ వారమే ఉద్యోగం మానేశాను.

పెద్దావిడకు చెప్పకుండా ఉండలేక వెళ్ళాను. ఆవిడ అంతా విని, "నిజం సెప్పినందుకు తీసేసారేటి?" అంది. అవునన్నాను. ఆవిడ, "అయితే ఈ రోడ్డు గురించి ఓ అర్జీ రాసి పెట్టు. మా ఈదోల్లందరం సంతకాలెడతాం" అంది.

ఆవిడ అరుగు మీదే కూర్చుని రాశాను. ఆడవాళ్ళంతా కలిసి వార్డు ఆఫీసుకు పట్టుకెళ్ళారు. మూడుసార్లు తిప్పించుకున్నాక వీధి మొదట్లో ఒక స్పీడ్ బ్రేకర్ వేశారు. నడవడానికి బాట మాత్రం ఇప్పటికీ లేదు. ఆ నివేదికలోని చివరి వాక్యం, ప్రజల్లో అవగాహన ఇంకా పెంచాలని.