గంటకు ఐదు రూపాయలు

మేం నేతపనికి వలస వచ్చిన ఉన్ అనే పేటలో మార్కండేయ వీడియో గేముల దుకాణం పెట్టింది బతకడానికి కాదు, మా కార్ఖానా సేఠ్ మీద పగ తీర్చుకోవడానికి. ఆ మాట నాకు ముందే చెప్పాడు. నేను అతని పక్క సాంచా మీద, అంటే మరమగ్గం మీద, తొమ్మిదేళ్లు నేసినవాణ్ణి.

మా నేతపనిలో సేఠ్‌లందరూ కూడబలుక్కుని మీటరుకు ఒకే కూలి పెడతారు. ఏ కార్ఖానాకు పోయినా అంతే. మార్కండేయ మీటరుకు పది పైసలు పెంచమని నలుగురి ముందు అడిగాడు. సేఠ్ నవ్వాడు. ఆ సాయంత్రమే చుట్టుపక్కల కార్ఖానాలన్నిటికీ ఫోన్లు చేశాడు. ఇరవై ఏళ్లు నేసిన మనిషికి మర్నాటి నుంచి ఒక్క సాంచా దొరకలేదు. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ సేఠ్ అల్లుడికి మా గల్లీలో గేముల దుకాణం ఉండేది. ఏసీ గది, ఆరు మిషన్లు, గంటకు నలభై. సెలవు రోజున పడుచు పనివాళ్లంతా అక్కడే. మార్కండేయ ఊళ్లో ఉన్న కాస్త జాగా అమ్మేసి, దానికి ఎదురుగానే గది అద్దెకు తీసుకున్నాడు. మూడు పాత మిషన్లు పెట్టి, గంటకు ఇరవై అని బోర్డు రాశాడు. వారంలో సగం జనం ఇటు వచ్చేశారు. అల్లుడు పదిహేను చేశాడు. ఇతను పది చేశాడు.

అప్పుడు సేఠే గుమ్మం దాకా వచ్చాడు.

“ఎందుకీ లడాయి భాయ్? ఇద్దరం ముప్పై అని ఒకటే భావ్ పెట్టుకుందాం. ఇద్దరికీ ఫాయిదా,” అన్నాడు హిందీలో.

మా కూలిని తొక్కిపెట్టిన ఉపాయమే అది. సిగ్గు లేకుండా మళ్లీ తెచ్చాడు. మార్కండేయ సుద్దముక్క తీసుకుని, అతను చూస్తుండగానే పది కొట్టేసి ఐదు రాశాడు.

మూడు నెలలకు అల్లుడి దుకాణం మూతపడింది. మేం జిలేబీలు పంచుకుని తిన్నాం.

మార్కండేయ భార్య లత తినలేదు. కూలికి తెచ్చిన చీరలకు రాళ్లు అంటిస్తూ, తలెత్తకుండానే అంది. “గెలిస్తివి గదా. ఇగనన్న ఇరవై చెయ్యి. గదికిరాయి, కరెంటు బిల్లు అన్నీ నా రాళ్ల పైసలతోటే కడ్తున్నం.”

“పెంచితే సేఠ్ అల్లుడు మళ్ల తెరుస్తడు.”

“అయితే ఎన్నొద్దులు గిట్ల?”

“వాడు బతికినన్నొద్దులు.”

లత నావైపు తిరిగింది. “రఘుపతన్నా, నువ్వన్న జర చెప్పు.”

గమ్ అంటుకుని ఆమె వేళ్ల మీద చర్మం లేచిపోయి ఉంది. చూశాను. చూసి కూడా పెంచమని చెప్పలేదు. సేఠ్ అల్లుడు మళ్లీ తెరవడం నాకూ ఇష్టం లేదు.