పూతకాలంలో సొన మచ్చ

నా చిన్నప్పుడు నాకు వచ్చిన అబద్ధం ఒకే ఒక్కటి. అది మా పెదనాన్న నేర్పింది. చేతి మీద ఆ మచ్చలేంటని ఎవరడిగినా "మామిడి సొన పడిందండీ" అనాలి. నూజివీడు చుట్టుపక్కల అంతకంటే నమ్మదగ్గ మాట ఉండదు. కాయ తొడిమ విరిగినప్పుడు చిమ్మే సొన ఒంటి మీద పడితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. తోటపని చేసేవాళ్ళలో ఆ మచ్చ లేని చెయ్యి కనబడదు. అందుకే నన్ను రెండో ప్రశ్న అడిగినవాళ్ళు లేరు.

ఆ మచ్చలు సొనవి కావు, చుట్టవి. అమ్మానాన్నా పోయాక నన్ను సాకుతున్నాడని ఊరంతా మెచ్చుకున్న పెద్దమనిషి కాల్చినవి. ఆయన ఆగిరిపల్లి వైపు తోటలు కౌలుకి తీసుకునేవాడు. శుక్రవారం మసీదులో మొదటి వరుస ఆయనది. కంచే చేను మేస్తుంటే ఇరుగుపొరుగు ఆ కంచెకి సలాములు కొట్టారు. అన్నం మాడినా, కోడిపిల్ల తప్పిపోయినా నా ఎడమచెయ్యి పట్టుకునేవాడు. నిన్ను దారిలో పెట్టమని అల్లానే నాకు అప్పగించాడు అనేవాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. చుట్ట కంటే ఆ మాటే ఎక్కువ కాల్చింది, ఎందుకంటే నేను నమ్మాను. అల్లా అంటే మా పెదనాన్న పక్షాన కూర్చున్న మరో పెద్దమనిషి అనుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్లని. నమాజులో నుదురు నేలకి ఆనించేదాన్ని గానీ అల్లాని ఏమీ అడిగేదాన్ని కాదు.

మా వీధి చివర అందరూ ఆపా, అంటే అక్క, అని పిలిచే ఒకామె ఉండేది. భర్త పోయిన మనిషి. బట్టలు కుట్టుకుంటూ, సాయంత్రాలు ఆడపిల్లలకి ఖురాను చదవడం నేర్పేది. నోరు మంచిది కాదని పేరు. నిజమే, మంచిది కాదు. పాఠం తప్పితే మా మూడు తరాలనీ కలిపి తిట్టేది. కానీ ఆమె ఎవరిమీదా చెయ్యెత్తగా నేను చూడలేదు.

ఆ రోజు నమాజు వేళకి అందరం నూతి దగ్గర వుజూకి కూర్చున్నాం. వుజూ అంటే ప్రార్థనకి ముందు మొహం, కాళ్ళు, మోచేతులదాకా చేతులు కడుక్కోవడం. కమీజు చేతులు పైకి మడవాల్సిందే. నేను మడవలేదు. పుళ్ళు పచ్చిగా ఉన్నాయి, నీళ్ళు తగిలితే ప్రాణం పోతుంది. గుడ్డ మీదుగానే పోసుకున్నట్టు నటిస్తుంటే ఆపా వచ్చి నా కమీజు చెయ్యి పైకి లాగింది. నోట్లో సిద్ధంగా ఉన్న మాట బయటికొచ్చేసింది. సొన పడింది ఆపా, అన్నాను.

ఆపా నా వైపు చూడలేదు. గోడ అవతల ఉన్న మామిడిచెట్టు వైపు చూసింది. చెట్టు నిండా పూత, ఊరంతా ఆ వాసనే. పిందె పడటానికే ఇంకా రోజులు పడుతుంది. కాయే లేని కాలంలో సొన ఎక్కడిది? నేను తోటల్లో పెరిగినదాన్ని, పెదనాన్న తోటల మీద బతికేవాడు. అయినా ఇద్దరికీ ఆ సంగతి తట్టలేదు. ఏడాది పొడుగునా అదే అబద్ధం వాడేశాం.

దొరికిపోయాను. వుజూ చేస్తూ అబద్ధమాడాను, ఇక నరకమే అనుకున్నాను. ఆపా తిట్టలేదు. నిజం చెప్పమంటే చుట్ట సంగతీ, అల్లానే అప్పగించాడన్న పెదనాన్న మాటా చెప్పేశాను. తన పాత దుపట్టా అంచు చింపి నా చేతికి వదులుగా కట్టింది. తన చెయ్యి తడుపుకుని ఆ కట్టు మీద ఆనీ ఆననట్టు ఒక్కసారి రాసింది.

"ఇంతేనే, నీ వుజూ అయిపోయింది. దెబ్బ ఉన్నచోట నీళ్ళు పొయ్యక్కర్లేదు, తడిచెయ్యి పైన రాస్తే చాలు. తన నమాజు కోసం కూడా నీకు నొప్పి వద్దన్నాడే అల్లా! అలాంటివాడు నిన్ను కాల్చమని ఆ చచ్చినోడికి చెప్తాడా?"

ఆ సాయంత్రం నేల మీద నుదురు ఆనించినప్పుడు మొట్టమొదటిసారి నేను ఒకటి అడిగాను. నన్ను మళ్ళీ ఆ ఇంట్లో ఉంచొద్దు అని.

ఆపా ఉంచలేదు. నా బట్టలు తెచ్చుకోవడానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. మా ఇంటి సంగతి నీకెందుకని పెదనాన్న గుమ్మంలో నిలబడి కేకలేశాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందని, పిల్లకి కాస్త సబర్, అంటే ఓర్పు, నేర్పమని పెద్దమ్మ బతిమాలింది. "సబర్ కాలేవాళ్ళకేనా? కాల్చేవాడికి అక్కర్లేదా?" అని ఆపా వీధంతా వినపడేలా అడిగింది. నా బట్టల మూట తనే చంకన పెట్టుకుని నన్ను నడిపించుకొచ్చింది. మర్నాడు ఆపా కబురందుకుని బాపులపాడు నుంచి మా మేనమామ వచ్చి తీసుకెళ్ళేదాకా నేను ఆపా ఇంట్లోనే ఉన్నాను.

వీధి ఆమెని వదల్లేదు. పరువు గల మనిషిని బజారుకీడ్చిందని పిల్లల్ని చదువు మాన్పించారు, గుడ్డలివ్వడం మానేశారు. పెదనాన్నని మాత్రం మొదటి వరుసలోంచి ఎవరూ కదలమనలేదు. ఆ వీధిని నేను క్షమించలేదు. ఆయన్నీ క్షమించలేదు. మంచాన పడి, మాఫ్ చెయ్యమని కబురు పెట్టినప్పుడు చుట్టాలంతా నా మీద పడ్డారు. నేను వెళ్ళలేదు. తీర్పు చెప్పేవాడు పైనున్నాడు, ఆయన ఎవరి పక్షమో నాకు తొమ్మిదో ఏటే తెలిసింది.

ఇప్పటికీ ఏ పిల్లయినా చేతి మీద మచ్చ చూపించి సొన అంటే ముందు చెట్టు వైపు చూస్తాను. రోజుకి ఐదుసార్లు వుజూకి కూర్చుంటాను. పుళ్ళు మాని యాభై ఏళ్ళు దాటింది, వాటి మీద నిక్షేపంగా నీళ్ళు పోసుకోవచ్చు. పోసుకుంటాను కూడా. కానీ అంతకు ముందు తడిచెయ్యి ఒకసారి మెల్లగా ఆనిస్తాను. అదేంటి నానమ్మా, అలా చెయ్యమని ఏ పుస్తకంలోనూ లేదుగా అంటుంది మా మనవరాలు. లేదు. మా ఆపా చేతిలో ఉంది.