ప్రార్థన తర్వాత ప్రశ్న

కిందటి బుధవారం నేను తొమ్మిదో తరగతికి కటకాల పాఠం చెబుతుండగా పాతపట్నం నుంచి బావ ఫోన్ చేశాడు. "అమ్మ ఎలిపోనాదే" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాడు. బావంటే మా మేనత్త కొడుకు. నేను ఫోను పట్టుకుని వరండాలోకి వచ్చాను. ఏడుపు వస్తుందనుకున్నాను. ముందు వచ్చింది మాత్రం ఊరట. మంచాన పడ్డ అత్త బాధ తీరినందుకు కొంత. మా ఇద్దరి మధ్యా ఒక్క అబద్ధం కూడా మిగలకుండా ఆవిడ వెళ్ళిపోయినందుకు ఇంకా ఎక్కువ. అదేం మనిషివమ్మా అని మీరనుకోవచ్చు. చెప్పేదంతా విన్నాక అనుకోండి.

మాది మూడు తరాలుగా చర్చికి వెళ్ళే కుటుంబం. అత్త ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది, ఆదివారాలు పిల్లలకి సండే స్కూలు చెప్పేది. నేనూ ఆవిడ దగ్గరే వాక్యాలు కంఠతా పట్టాను. తర్వాత మా తమ్ముడికి కిడ్నీలు పాడయ్యాయి. సంఘమంతా ఉపవాస ప్రార్థనలు చేసింది. అత్త మోకాళ్ళు కాయలు కాచాయి. అయినా వాడు దక్కలేదు. ఆ తర్వాత నెల ప్రభు బల్ల రోజున, నమ్మినవాళ్ళు మాత్రమే తీసుకునే రొట్టె పళ్ళెం నా దాకా వస్తే నేను ముట్టుకోలేదు. లోపల నమ్మకమే లేనప్పుడు చేయి ఎలా చాపను? చర్చిలో అందరి తలలూ నా వైపు తిరిగాయి. పక్కన కూర్చున్న అత్త మాత్రం నా ఒడి మీదుగా పళ్ళెం అందుకుని అవతలి వాళ్ళకి ఇచ్చేసింది. బయటికొచ్చాక, ఇవాళ చేపల పులుసు పెట్టాను, ఇంటికి రమ్మంది. అంతే.

ఆ మధ్యాహ్నమే మా అలవాటు మొదలైంది. బావ కంచంలో చేయి పెట్టబోతే ఆపి, అత్త కళ్ళు మూసుకుని భోజన ప్రార్థన చేసింది. కళ్ళు తెరిచి నా వైపు చూసింది. "నా పని అయింది. ఇప్పుడు నీది. నీ కడుపులో ఉన్న ప్రశ్నేటో అడిగీ, అప్పుడు తిందాం" అంది. నేను కోపంగానే అడిగాను. రోగం తగ్గితే దేవుడి మహిమ, తగ్గకపోతే దేవుడి చిత్తం, మరి ఆయన ఓడిపోయేది ఎప్పుడు అని. అత్త పులుసు గిన్నె దగ్గరికి జరుపుకుంది. తెలియదని చెప్పింది. నేను పోట్లాటకి సిద్ధపడి వెళ్ళాను, తెలియదన్నవాళ్ళతో ఏం పోట్లాడతాం?

అప్పట్నించీ ఆ ఇంట్లో ఆదివారం భోజనానికి ముందు ప్రార్థన ఒకటి, ప్రశ్న ఒకటి. రెండూ అయితే గాని గరిట లేవదు. నా ప్రశ్నలకి అత్త మార్కులు కూడా వేసేది. దేవుణ్ణి ఎవరు చేశారని అడిగితే, "పాతది, ఇంకోటి తే" అని గిన్నె మీద మూత పెట్టేసేది. ఆలోచించదగ్గది అనిపిస్తే, "ఇది కొత్తదే" అని గరిట తీసేది. ఆ మాట కోసం నేను వారమంతా ప్రశ్న వెతుక్కునేదాన్ని. స్కూల్లో ఇన్‌స్పెక్షన్‌కి కూడా అంత తయారయ్యేదాన్ని కాదు. బావకి మాత్రం ఈ గొడవ అస్సలు పడేది కాదు. పాపం ఆకలికి ఆగలేని మనిషి. "ఆయన ఉన్నాడో నేడో గాని, అన్నం సల్లారిపోతంది" అని గొణిగేవాడు.

ఆవిడ వాదించేది కాదని కాదు. గట్టిగానే వాదించేది. వార్డులో ఎంతోమంది చేతులు పట్టుకుని కూర్చున్నాను, చివర్లో వాళ్ళ ముఖంలో కనిపించిన శాంతి వట్టి మందుల మత్తు అంటే ఒప్పుకోను అనేది. నేను మెదడు గురించి, ఆక్సిజన్ గురించి చెప్పేదాన్ని. అవన్నీ నాకూ తెలుసు, నేనూ నర్సునే అని దెప్పేది. తిన్న చెయ్యి ఎండిపోయేదాకా సాగేది. ఓసారి నేను మరీ మొండికేస్తే నవ్వి, "నీకు నేడని కోపం, నాకు ఉన్నాడని కోపం. నీ తమ్ముడి గురించి ఆయన్ని నాను అడగనేదనుకున్నావేటి?" అంది. ఆ రోజు ఇద్దరం కంచాల ముందు కూర్చుని ఏడ్చాం. బావ లేచి మంచినీళ్ళు తెచ్చాడు.

మొన్న పండగ వెళ్ళాక అత్త మంచం పట్టింది. చూడ్డానికి వచ్చిన చుట్టాలందరిదీ నాకు ఒకటే సలహా. పోయే ముందు ఆవిడ చెవిలో నమ్ముతున్నానని ఒక్క మాట చెప్పెయ్యి, పోయేదేముంది అని. వాళ్ళది మంచి మనసే, కాదనను. నాకు నిద్ర లేదు. చెబితే ఇన్నేళ్ళ ఆదివారాలూ అబద్ధమైపోతాయి. చెప్పకపోతే ఆవిడ బెంగతో పోతుందేమో, ఆ తర్వాత ఆ ఇంట్లో నాలాంటిదానికి కంచం పెట్టేదెవరు? పిరికిదాన్ని, చెప్పేద్దామనే నిర్ణయించుకున్నాను. బస్సులో దారంతా ఆ మాట వల్లెవేసుకుంటూ వెళ్ళాను.

మంచం పక్కన కూర్చుని, "అత్తా, నీకొకటి చెప్పాలి" అన్నాను. నా ముఖం చూసి ఆవిడకి అర్థమైపోయింది. చేయెత్తి నా నోటి మీద పెట్టింది.

"సెప్పొద్దు. నువ్వు ఇన్నాళ్ళూ నాకు అబద్దం ఆడనేదు. ఇప్పుడేటి కొత్తగా?" అంది. ఊపిరి తీసుకుని మళ్ళీ అంది. "ఆయనుంటే నిన్ను వొగ్గడు. నీ లెక్కలో నేడంటావు, మరి నీ తప్పేటున్నాది? ఎలాగైనా నీకు బయం నేదు. నీ మీద నాకు బెంగ నేదే."

నా గుండె మీంచి బండ దించినట్టయింది. ఆవిడ మంచం పట్టె మీద తల పెట్టి భోరుమన్నాను. ప్రశ్న తెచ్చావా అని అడిగింది. తేలేదన్నాను. వట్టి చేతులతో వచ్చావా అని తిట్టింది. ప్రాణంతో ఆవిడని చూడటం అదే ఆఖరిసారి.

నిన్న అత్తని తలుచుకుంటూ ఆదరణ కూడిక జరిగింది. ఇంటి ముందు షామియానా వేశారు. ఒక్కొక్కరే లేచి అత్త గురించి సాక్ష్యం చెప్పారు. నన్ను లేవమంటారేమోనని వెనక కుర్చీలో ఒదిగి కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు, బతికాను అనుకున్నాను. తర్వాత భోజనాలు. అడ్డాకు విస్తళ్ళలో అన్నం వడ్డించారు, పప్పు ఇంకా నా దాకా రాలేదు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. ఆమెన్ అన్నాక అందరూ అన్నంలో చెయ్యి పెట్టబోయారు.

"ఆగండి" అన్నాడు బావ. పప్పు బకెట్ పట్టుకుని వరస మధ్యలో నిలబడ్డాడు. "ప్రశ్న అవనేదు. మా అమ్మ ఇంట్లో అదయ్యాకే తింటాం. సెప్పవే."

చేతులన్నీ విస్తళ్ళ మీద ఆగాయి. పాస్టరు గారి చెయ్యి కూడా. అందరూ నా వైపు చూశారు, చర్చిలో ఆ రోజు చూసినట్టు మాత్రం కాదు. 

"అత్త ఇప్పుడు ఎక్కడుంది?" అన్నాను.

 జవాబు చెప్పగలిగిన పాస్టరు గారు విస్తరి మీంచి చెయ్యి వెనక్కి తీసుకుని తల వంచుకున్నారు. అన్నం మీద ఆవిరి పోతూ ఉంది. ఆకలికి ఆగలేని మా బావ బకెట్ దించకుండా అలాగే నిలబడ్డాడు. తర్వాత నా విస్తరి దగ్గరికి వచ్చి వంగాడు.

"ఇది కొత్తదే" అని గరిట తీశాడు.