గడి ముందర దిగిన కాలు

నా తోడల్లుడంటే నాకు కుళ్లు. ఈ ముక్క మొదటే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక. వాడు మా ఆవిడ చెల్లెలి మొగుడు, నాకంటే పదేళ్లు చిన్న, ఇద్దరిదీ కరీంనగర్ వైపు ఒకటే ఊరు. వాడిని రైలెక్కించి సూరత్‌కు తీసుకొచ్చింది నేను. పాండేసరలో నా గదిలో, నా చాప మీద పడుకున్నాడు. సాంచా మీద, అంటే మరమగ్గం మీద, తెగిన పోగు వెతికి ముడి వేయడం వాడి వేళ్లకు నేర్పింది నా వేళ్లే. ఇప్పుడు వాడు జోల్వాలో ఒక కార్ఖానాకు మాస్టర్, సాంచాలన్నిటి మీద అజమాయిషీ వాడిదే. నేను డిండోలిలో కాపురముండి ఇంకా అవే సాంచాల మధ్య అటూ ఇటూ నడుస్తున్నాను. ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే. దూది ఏకుల సంగతి తెలిసినవాళ్లు పుట్టించిన మాట, నేతగాడినైన నాకే వచ్చి తగిలింది.

నిజానికి మాస్టర్ పని వచ్చినప్పుడు కూడా ఇంత మండలేదు. వాడు సైకిల్ కొన్నప్పుడు మండింది.

గేర్ల సైకిల్, తలకు టోపీ, కాళ్లకు మెత్తని బూట్లు. కార్ఖానాకు సెలవు వచ్చిన ప్రతి ఆదివారం పొద్దున్నే బయలుదేరి, చెరుకు తోటల మధ్య నుంచి, కాలువ గట్టు మీదుగా, ఒక దిబ్బ మీద ఉన్న పాత కోట దాకా పోయి వస్తాడు. ఆ ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెడతాడు. నేను చూడను. నా బిడ్డ చూస్తుంది, చూసి నాకు చూపిస్తుంది.

"బాపు, చిన్నబాపు మళ్ల కిల్లా దాక పోయిండు చూడు."

లేక లేక పుట్టిన ఒక్క బిడ్డ, కాలేజీలో చదువుతోంది. నేను బాపును, వాడు చిన్నబాపు. మా ఇద్దరికీ మధ్య తేడా 'చిన్న' అన్న రెండక్షరాలే. మా ఇంట్లో అవి కూడా రోజురోజుకీ అరిగిపోతున్నట్టు ఉండేది నాకు. ఎందుకంటే వాడికి చెప్పడం వచ్చు. మా ఊరి సంగతులు, మా పండుగలు, ఆఖరికి నేను మొదటిసారి సూరత్ స్టేషన్లో దిగి దారి తెలియక సగం పూట తిరిగిన సంగతి కూడా నా బిడ్డ వాడి నోటనే విని పొట్ట పట్టుకొని నవ్వింది. నాకు చెప్పడం రాదు. సాంచాల మోతలో ముప్పై ఏళ్లు బతికినవాడికి మాటలెక్కడివి అని సర్దిచెప్పుకునేవాడిని. కానీ వాడు బతికింది కూడా ఆ మోతలోనే కదా.

మొన్న చలికాలంలో ఒకరోజు, వచ్చే ఆదివారం చిన్నబాపుతో కిల్లా దాకా పోతానంది బిడ్డ. నేను కూడా వస్తానన్నాను. మా ఆవిడ నవ్వింది.

"మోకాళ్లను అడిగినవా మరి?"

పాత నల్ల సైకిల్ బయటికి తీసి, సాంచాకు పోసే నూనె తెచ్చి చైనుకు పోశాను. బిడ్డ ముందురోజే జోల్వాకు వెళ్లి వాళ్ల చిన్నమ్మ ఇంట్లో పడుకుంది. నేను తెల్లవారుతుండగా డిండోలి నుంచి తొక్కుకుంటూ బయలుదేరాను. జోల్వా చేరేసరికి నా ఊపిరి నాకే వినబడుతోంది. వాడు గుమ్మంలో నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

"వచ్చినవా అన్నా. జర చాయ్ తాగు, పోదాం."

ఆ మర్యాద చూసినా నాకు మంటే.

వాడు ముందు, వాళ్లింట్లో ఉన్న రెండో సైకిల్ మీద నా బిడ్డ వెనక, అందరికంటే వెనక నేను. పొగమంచు ఇంకా చెరుకు మీదనే ఉంది. ముందు నుంచి నవ్వులు వినబడుతున్నాయి, మాటలు వినబడటం లేదు. అందుకోవాలని తొక్కాను, వాళ్లు మలుపు తిరిగారు. మళ్లీ తొక్కాను. అలా ఎంత దూరం తొక్కానో, దిబ్బ కనబడింది, దాని మీద పొడుగ్గా గోడ కనబడింది. రోడ్డు ఆ గోడ పక్క నుంచే పోతుంది. వాడు వెనక్కి తిరిగి నాకు వినబడేట్టు కేకేశాడు.

"అన్నా, గడి వచ్చింది."

నా కాలు నేల మీదికి దిగింది. నేను దిగమనలేదు, అదే దిగింది. అరికాలికి కంకర గుచ్చుకున్నప్పుడు చూసుకుంటే చెప్పులు నా ఎడమ చేతిలో ఉన్నాయి.

మా ఊళ్లో గడి అంటే దొర ఇల్లు. మా బాపు సైకిల్ మీద చీరల మూట కట్టుకొని ఊళ్లు తిరిగి అమ్మేవాడు. నేను ముందర కడ్డీ మీద కూర్చునేవాడిని. గడి గోడ మొదలయ్యే చోట బాపు సైకిల్ దిగి, నన్ను దించి, చెప్పులు చేతిలోకి తీసుకొని, గోడ అయిపోయేదాకా తలొంచుకొని సైకిల్ నడిపించేవాడు. లోపల దొర ఉన్నా లేకున్నా అంతే. ఎండాకాలం ఆ నేల పెనంలా కాలేది.

నా బిడ్డ సైకిల్ ఆపి వెనక్కి చూసింది.

"ఏమైంది బాపు, పంచరా?"

వాడు వెనక్కి తిప్పుకొని వచ్చాడు. నా చేతిలోని చెప్పులు చూశాడు, గోడ చూశాడు, నా మొహం చూశాడు.

"చైన్ వడ్డట్టుంది బిడ్డా. పాత సైకిల్ గదా. నువ్వు ముందట పో" అని, నా సైకిల్ పక్కన కూర్చొని, ఊడని చైనుకు చేయి పెట్టి సర్దుతున్నట్టు చేశాడు. వాడి వేళ్లన్నీ నల్లగా అయ్యాయి. ఎగతాళి చేసి ఉంటే తిట్టి ఊరుకునేవాడిని.

"ఈడోళ్లు గఢీ అంటరే అన్నా, కోటను" అన్నాడు మెల్లగా. "మన గడి గాదు. నాకు యాదికి రాలె. నాకు ఎరుకైనప్పటికి దొర పట్నం వోయిండు, తలుపులు గిట్ల లేకుండె. మేం లోపటికి వోయి సీతాఫలాలు తెంపుకునేటోళ్లం."

అప్పుడు తెలిసింది నాకు, ఇన్నేళ్లూ నేను దేన్ని చూసి కుళ్లుకున్నానో. మాస్టర్ పనీ కాదు, గేర్ల సైకిలూ కాదు. వాడు నాకంటే పదేళ్లు వెనక పుట్టాడు. ఒక మాట వినగానే కిందికి దిగని కాలు వాడిది.

దిబ్బ ఎక్కారు వాళ్లిద్దరూ. నేను సైకిల్ పట్టుకొని కిందనే ఉన్నాను. అడుగున పెద్ద రాళ్లు, పైన పలచని ఇటుకలు. గోడ కూలిన చోట నుంచి మేకలు లోపలికి పోతున్నాయి, వస్తున్నాయి. బిడ్డ గుజరాతీ బోర్డు చదివి పైనుంచే చెప్పింది, వెయ్యేండ్ల కంటే ముందుదంట బాపు అని. తర్వాత వాళ్లు గోడ మీద కూర్చున్నారు. వాడు చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు. నా సంగతే చెబుతున్నాడనుకున్నాను. దొర మీసాలతో సహా, మా బాపు మూటతో సహా చెబుతాడు, నవ్విస్తాడు, ఏడిపిస్తాడు కూడా. సిగ్గో ఎగ్గో, నాకంటూ మిగిలింది ఆ ఒక్క ముచ్చట. అదీ వాడి చేతిలోకి పోయింది.

వచ్చేటప్పుడు మళ్లీ అదే గోడ. ఈసారి దిగేది లేదనుకొని పళ్లు బిగించి తొక్కాను. సగం గోడ దాటాక కాలు దిగింది. చెప్పులు మాత్రం విడవనియ్యలేదు. నా బిడ్డ కూడా సైకిల్ దిగి నా పక్కన నడవడం మొదలుపెట్టింది.

"చిన్నబాపు చెప్పిండా?" అన్నాను.

"చెప్పులెందుకు విడిచినవని అడిగిన. చెప్పలే. అది మీ బాపు ముచ్చట, ఆయననే అడుగు అన్నడు."

ముందుకు చూశాను. వాడు దూరంగా కాలువ మలుపులో మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. వాడి స్థానంలో నేనుంటే చెప్పేసేవాడిని, పూస గుచ్చినట్టు చెప్పేసేవాడిని. ఆ వీపును చూసి కూడా కుళ్లుకున్నాను.

బిడ్డ నా అడుగులో అడుగేస్తోంది. చెప్పడం మొదలుపెట్టాను. వాడిలా కాదు, నడిమధ్య ఎత్తుకొని, వెనక్కిపోయి, మూట సంగతి మరిచిపోయి మళ్లీ చెప్పి. అది మధ్యలో ఒక్కటే అడిగింది.

"మరి నీ చెప్పులు?"

"నాకు లేకుండె బిడ్డా. నాకు గూడ కొనియ్యి, నీ లెక్క చేతుల వట్టుకుంట అని బాపు మీద ఏడ్సిన."

అదే మాట వాడు చెప్పి ఉంటే నవ్వేది. నా దగ్గర నవ్వలేదు. గోడ అయిపోయినా సైకిల్ ఎక్కలేదు. "తాత ఏమన్నడు?" అని అడిగింది, నా చెప్పుల వైపు చూస్తూ.